ఇరుకింటిలో వ్యాయామ యంత్రము

మా ఇంటి నడక యంత్రముపై ఇప్పుడు తువ్వాళ్లు ఆరుచున్నవి. మూడేండ్ల క్రిందట, నాన్నగారికి గుండె విషయమై వైద్యులు హెచ్చరిక చేసిన మరువారమే దానిని కొంటిమి. దుకాణములో దానిని మడిచి గోడకు నిలబెట్టి చూపినారు. బీరువా ప్రక్కన ఇమిడిపోవునంత సన్నముగా కనబడినది. ఇంటికి తెచ్చి విప్పిన పిమ్మట పడకగది తలుపు సగము మాత్రమే తెరచుకొన్నది. ప్రతి ఉదయము మంచము జరిపి, యంత్రము దించి, నడక కాగానే మరల ఎత్తి నిలబెట్టవలెను. నెల తిరుగకముందే ఆ పని మానితిమి. పోయినది డబ్బు మాత్రమే యైనచో ఈ ప్రసంగమునకు పూనుకొనకపోదుము. నాన్నగారి నడక కూడ దానితోనే ఆగిపోయినది.

గుండెకు కావలసినది యంత్రము కాదు, చలనము. పెద్దలు వారమునకు 150 నుండి 300 నిమిషముల వరకు ఒక మోస్తరు శ్రమ చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. మోస్తరు శ్రమ యన నెంత? ప్రక్కవారితో మాటలాడగలరు గాని పాట పాడలేరు, అంత. వీధిలో చురుకుగా నడచినను ఇది సమకూరును. కాని మన పట్టణములలో కాలిబాట ఉన్న వీధులెన్ని? వేసవి ఎండ, వానకాలపు బురద, తెల్లవారుజామున కుక్కల గుంపులు, వంటయింటి పని తెమిలేసరికి ప్రొద్దెక్కిపోవు గృహిణులు: యంత్రము ఇట్టి వారికొరకు. బయట నడచుటకు వీలున్నవారు కొనకపోయినను లోటు లేదు. గుండెజబ్బు కలవారు, నడచినప్పుడు ఛాతీలో బరువు తోచువారు మాత్రము ముందుగా వైద్యుని అడుగవలెను.

దుకాణదారుడు చెప్పునది మడిచినప్పటి కొలత. మనకు కావలసినది విప్పినప్పటి కొలత, దానిచుట్టు వదలవలసిన ఖాళీ. పెద్ద ట్రెడ్‌మిల్ సుమారు ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉండును. దాని వెనుక 2 మీటర్లు, ఇరుప్రక్కల అరమీటరు చొప్పున ఖాళీ యుండవలెను. కాలు తప్పినచో పట్టా మనిషిని వెనుకకు విసరును. అక్కడ గోడయో మంచమో ఉన్నచో మనిషి దానికిని, తిరుగుచున్న పట్టాకును నడుమ చిక్కుకొనును. రెండు కొలతలు కూడినచో పన్నెండడుగులు దాటినది! మన ఫ్లాట్లలో పడకగది పొడవే అంత. కావున కొనుటకు ముందు ఆ కొలతను సుద్దముక్కతో నేలపై గీసి, ఒక వారము దినములు అట్లే ఉంచుడు. ఆ గీత లోపల మంచము కోడు, చాప, పిల్లవాని పుస్తకాల సంచి పడకుండ వారము గడచినచో మీ ఇంటిలో యంత్రమునకు చోటున్నట్లే. మేము ఈ పని చేయకుండుటయే మా తప్పు.

మంచము క్రిందికి దూర్చదగిన పలుచని నడక పలకలును వచ్చినవి. ఇవి చాలవరకు గంటకు 6 కిలోమీటర్లకు మించి పోవు. నడకకు అది చాలును. కాని వీనిలో పెక్కింటికి పట్టుకొనుటకు కమ్మీ ఉండదు. తూలిపడు స్వభావమున్న వృద్ధులకు మేము వీనిని సూచింపము. 20 కిలోలకు పైబడిన ఆ పలకను నడుము వంచి రోజూ లాగునది ఎవరో కూడ ఆలోచింపవలెను. మోటారు శక్తిని చూచునప్పుడు, ఒక్క క్షణము చూపగల గరిష్ఠ శక్తి కాక, ఎడతెగక ఇచ్చు శక్తి ఎంతయో అడుగుడు. పెద్ద అక్షరములలో అచ్చువేయునది సాధారణముగా మొదటిదే.

పసిపిల్లలున్న ఇంటిలో పట్టా యంత్రమే వలదని మా అభిప్రాయము. 2021 మే నెలలో అమెరికాలో ఒక సంస్థ, తన ట్రెడ్‌మిల్ క్రిందికి లాగబడి ఆరేండ్ల బిడ్డ మరణించిన తరువాత, సుమారు 1,25,000 యంత్రములను వెనుకకు పిలిపించుకొన్నది. ఉంచక తప్పనివారు వాడిన వెంటనే తాళపు బిళ్లను తీసి, పిల్లలకు అందనిచోట దాచవలెను.

ఇరుకింటికి మా ఓటు నిలుకడ సైకిలుకే. విప్పినను మూడడుగుల పొడవు, అడుగున్నర, రెండడుగుల వెడల్పులో సరిపోవు రకములున్నవి. ఒంటి బరువు ఆసనముపై ఉండును గనుక మోకాళ్లకు దెబ్బ తగులదు. అయస్కాంతముతో బిగువు కలిగించు రకము చప్పుడు చేయదు. ఇంటివారి నిద్ర చెడదు. చిన్న రకములు పెక్కింటికి కరెంటుతో పని లేదు. అయితే ఎక్కి తొక్కి చూడక కొనరాదు. తేలిక చట్రము ఊగును. ఎంత బరువు మనిషిని మోయగలదో చదువుకొనవలెను. పెడలు అడుగుకు చేరినప్పుడు మోకాలు కొంచెము వంగియుండునట్లు ఆసనము ఎత్తు సరిచేయవలెను; ఆసనము మరీ పల్లమైనచో మోకాలు నొప్పి యంత్రము మీద నెపముగా పడును. చీర కుచ్చిళ్లు, లుంగీ అంచులు పెడలులో చిక్కకుండ దోపుకొనవలెను.

తాడాట చౌక. కాని పైన పంకా తిరుగుచుండును, క్రింది వాటాలో కాపురముండును. పడవ తెడ్డు వేసినట్లు లాగు యంత్రము మంచిదే, కాని ఏడెనిమిది అడుగుల పొడవు. కుర్చీలో కూర్చుండి త్రొక్కు చిన్న పెడళ్లు బలహీనులకు కొంత మేలు; తక్కిన వారికి శ్రమ చాలదు.

ఇక యంత్రమే కాని యంత్రమొకటి కలదు: మెట్టు. లండన్ నగరమున జెరెమీ మారిస్ అను వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఫలితములు ప్రకటించెను. రోజంతయు కూర్చుండు డ్రైవర్లలో కంటె, మెట్లెక్కి దిగుచు టిక్కెట్లు ఇచ్చు కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనబడెను. డ్రైవర్లు ఉద్యోగములో చేరునాటికే కొంత స్థూలకాయులని, యూనిఫారముల కొలతలు తిరుగవేసి ఆయనయే 1956లో బయటపెట్టెను. తన వాదమునకు అడ్డువచ్చు సంగతిని తానే వెదకి చెప్పిన శాస్త్రజ్ఞుడు మాకు ఇష్టుడు. ఏమైనను, ఆరేడు అంగుళముల ఎత్తున, జారని అడుగుతో, రెండు పాదములు పూర్తిగా ఆనునంత వెడల్పైన మెట్టును వడ్రంగి చేత చేయించుకొన్నచో మూల నొదుగును. భోజనపు పీట పనికిరాదు, అది జారును. కిటికీ ఊచ పట్టుకొని, ఒక నిమిషము ఎక్కి దిగి, ఒక నిమిషము నిలిచి మొదలుపెట్టవచ్చును. మోకాలి నొప్పి కలవారికి దిగుటయే కష్టము. వారు సైకిలును ఆశ్రయించుట మేలు.

నాన్నగారికిప్పుడు సైకిలు కొంటిమి. దానిని మడువము, హాలులో రేడియోకు ఎదురుగా ఎప్పుడును విప్పియే యుండును. వార్తలు మొదలుకాగానే ఎక్కుదురు, వ్యవసాయ కార్యక్రమము నడుమ దిగుదురు. వార్తలపై వ్యాఖ్యానించుచునే త్రొక్కుదురు. ఆ మాట తెగకుండ సాగినంతవరకు శ్రమ మితములో ఉన్నట్లు మేము గుర్తించుచున్నాము. నడక యంత్రము కొనువారి కొరకు వెదకుచున్నాము. కొలత టేపుతో వచ్చినవారికే అమ్ముదుము.