ఉండాలా? తప్పుకోవాలా?

"తాతయ్యా, ఎండ మండిపోతోంది, డాబా మీద సోలారు ప్యానెళ్లున్నాయి. అయినా వీధిలో కరెంటు పోగానే మన ఫ్యాను ఎందుకాగిందీ?" అని నిలదీశావు కదూ అమ్మలూ! మంచి ప్రశ్నే. చెప్తా విను.

మన ప్యానెళ్ల కరెంటు ఇన్వర్టరు గుండా వీధి లైనులో కలుస్తుంది. ఎక్కడో తీగ తెగిందనుకో. లైన్‌మన్ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకుంటాడు. అంటే సరఫరా ఆపించి, అప్పుడు స్తంభం ఎక్కుతాడన్నమాట. అటు నుంచి ఆగింది సరే, ఇటు మన డాబా నుంచి తీగలోకి కరెంటు వెళ్తూనే ఉంటే? ఆయన ప్రాణానికే ముప్పు. అందుకే లైను పోయిన 2 సెకన్లలోపు సోలారు ఇన్వర్టరు తనంతట తానే తప్పుకోవాలని నిబంధన పెట్టారు. బ్యాటరీ ఉండి, వీధితో సంబంధం తెంచుకుని ఇంటికి మాత్రమే కరెంటిచ్చే రకమైతే ఫ్యాను తిరిగేది. మనది ఆ రకం కాదు.

మరి తప్పుకుంటుందని నమ్మేదెలా? పరీక్ష పెట్టాలి. ఊరి లైను మీదే పెడదామంటే ఆస్పత్రులుంటాయి, నీళ్ల మోటార్లుంటాయి. ఎవరొప్పుకుంటారు? దీనికోసం వేరే ప్రయోగశాలలున్నాయి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో గోల్డెన్ అనే ఊళ్లో 2013లో అలాంటిదొకటి తెరిచారు. పేరు 'ఎనర్జీ సిస్టమ్స్ ఇంటిగ్రేషన్ ఫెసిలిటీ'. మెగావాట్ల స్థాయి యంత్రాలను కూడా అక్కడ పెట్టి చూడొచ్చు.

ఇలాంటిచోట తమాషా ఏమిటంటే, ఇన్వర్టరొక్కటే నిజం. గ్రిడ్డు, అంటే ఊరి కరెంటు వ్యవస్థంతా, కంప్యూటర్లో ఉంటుంది. ఊళ్లోని తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఇళ్ల వాడకం అన్నీ లెక్కలోకి తీసుకుని, ఈ క్షణాన ఫలానా స్తంభం దగ్గర ఓల్టేజి ఇంత అని కంప్యూటరు తేలుస్తుంది. పక్కనున్న పెద్ద ఆంప్లిఫయరు ఆ ఓల్టేజిని నిజంగానే పుట్టించి ఇన్వర్టరుకిస్తుంది. ఇన్వర్టరు ఎంత కరెంటు పంపిందో కొలిచి మళ్లీ కంప్యూటరుకు చేరవేస్తారు. అది మళ్లీ లెక్క కడుతుంది. ఈ తంతు సాధారణంగా 50 మైక్రోసెకన్లకోసారి, అంటే సెకనుకు 20,000 సార్లు నడుస్తుంది. మన ఇంటి కరెంటు ఒక్క అల పూర్తిచేయడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది కదా, ఆ ఒక్క అలలోనే 400 లెక్కలు! ఇక ఇన్వర్టరుకు అనుమానమెక్కడొస్తుంది? ఎండ కూడా ఉత్తుత్తిదే. ప్యానెళ్ల బదులు డీసీ యంత్రం పెడతారు. మిట్టమధ్యాహ్నం కావాలన్నా, మబ్బు పట్టాలన్నా మీట నొక్కడమే.

అన్నిటికన్నా కఠినమైన పరీక్ష ఒకటుంది. ఇళ్లు వాడుతున్నంతే సోలారు కూడా ఇస్తుంటే, లైను పోయినా ఓల్టేజీ మారదు, ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు వచ్చే అలల లెక్క, అదీ మారదు. ఇన్వర్టరుకు తేడా తెలియదు. హీటర్లు, తీగచుట్టలు, కెపాసిటర్లు కలిపి కావాలనే ఆ సమతూకం తెచ్చి, అప్పుడు లైను తెంపుతారు. అప్పుడూ 2 సెకన్లలో పసిగట్టి తప్పుకుంటేనే పాసు.

ఈ పరీక్షల వల్ల ఒరిగిందేమిటంటావా? హవాయి దీవుల్లో ఇళ్లమీద సోలారు బాగా పెరిగింది. అక్కడి కరెంటు కంపెనీకి భయం పట్టుకుంది. సబ్‌స్టేషన్లో బ్రేకరు పడ్డప్పుడు సోలారు ఎక్కువై, వాడకం తక్కువై, ఓల్టేజి ఎగబాకితే ఇళ్లల్లో సామాను మాడిపోదా అని. కొత్త దరఖాస్తులు పేరుకుపోయాయి. 2014లో ఇన్వర్టర్లను గోల్డెన్‌లో పెట్టి చూశారు. ఓల్టేజి ఎగబాకే మాట నిజమే గానీ, ఇన్వర్టర్లు చిటికెలో ఆగిపోతున్నాయి, భయపడ్డంత లేదని తేలింది. ఆ తర్వాత, పగటిపూట కనీస వాడకంలో 120 శాతంగా ఉన్న సోలారు హద్దును 250 శాతానికి పెంచారు.

అయితే ఇట్టే తప్పుకోవడం కూడా అన్నివేళలా మంచిది కాదమ్మా. జర్మనీలో ఒకప్పుడు, ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటితే సోలారు ఆగిపోవాలని నియమం పెట్టారు. సోలారు కొద్దిగా ఉన్న రోజుల్లో ఇబ్బంది లేదు. అది వేల మెగావాట్లయ్యాక గుండెలు గుభేలుమన్నాయి. పల్లకీ మోసే బోయీల్లో ఒకడు తప్పుకుంటే మిగతావాళ్లు సర్దుకుంటారు. సగంమంది ఒక్కసారే భుజం తప్పిస్తే? 2012లో ఉత్తర్వు తెచ్చి, సుమారు 3 లక్షల చోట్ల ఇన్వర్టర్లను మార్చే పని పెట్టుకున్నారు, అన్నీ ఒకేసారి తప్పుకోకుండా.

అందుకే అమెరికాలో 2018లో వచ్చిన ప్రమాణం ఇన్వర్టరుకు రెండు పనులూ అప్పజెప్పింది. ఓల్టేజి కాస్త తూలితే బెదరకుండా నిలబడాలి. లైను నిజంగా పోతే తప్పుకోవాలి. ఏది తూలడమో, ఏది పోవడమో క్షణాల్లో తేల్చుకోవాలి. పాత పరీక్షకన్నా ఇది గట్టిది.

ఇప్పుడు ఇంకో మెట్టెక్కారు. పెద్ద పవర్ స్టేషన్ల ఆసరా లేకుండా ఇన్వర్టర్లే ఓల్టేజినీ, ఫ్రీక్వెన్సీనీ నిలబెట్టగలవా అని చూస్తున్నారు. ఆ కబుర్లు వచ్చే ఆదివారం.