మొక్కకూ ఉంది హిమోగ్లోబిన్

ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. అక్కడి స్థానిక కౌన్సిళ్లు కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే నేలచెక్కను అలాట్‌మెంట్ అంటారు. చాలాకాలం ఎదురుచూశాక ఆమెకూ ఒకటి దొరికింది. మొదటి పంటగా బ్రాడ్ బీన్స్ వేశారు. కాపు అయ్యాక మొక్కలు పీకి చూస్తే వేళ్లనిండా బుడిపెలు! తెగులేమోనని కంగారుపడుతుంటే పక్క మడి పెద్దాయన వచ్చి, మిగతావి పీకొద్దని, కాండం కోసేసి వేళ్లు నేలలోనే ఉంచితే వచ్చే పంటకు ఎరువవుతాయని చెప్పారట. ఇది నిజమేనా, లేక తోటలు పెంచేవాళ్ల నమ్మకమా అని ఆమె అడుగుతున్నారు.

ఒక్క వాక్యంలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఆ బుడిపెల లోపల ఏం జరుగుతుందో తెలిసినవాళ్లెవరూ అలా ఊరుకోలేరు.

కొత్తగా మడి చేతికొచ్చినవాళ్లకు మిగతా సలహాలు క్లుప్తంగా చెప్పేస్తాను. పాత లెక్క ప్రకారం పూర్తి అలాట్‌మెంట్ అంటే 250 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 300 గజాలు. మొదటి ఏడే అంతా తవ్వాలని నడుం విరగ్గొట్టుకోకండి. సగం సాగుచేసి, మిగతా సగం మీద అట్టలుగానీ నల్లపట్టాగానీ పరిస్తే వెలుతురు అందక కలుపు చాలావరకు చస్తుంది. తీగకలుపు వేళ్లను మాత్రం ఏరిపారేయాలి, చిన్న ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. బ్రాడ్ బీన్స్ చలికి ఓర్చుకుంటాయి కాబట్టి శీతాకాలానికి ముందే విత్తుకోవచ్చు. రన్నర్ బీన్స్ మంచు భయం పోయాకే బయట పెట్టాలి. ఇక అసలు సంగతి.

ముందు తెగులు అనుమానం తీర్చుకుందాం. బుడిపెను వేలితో నెట్టండి. వేరు పక్కనుంచి సులువుగా ఊడి వస్తే అది మేలుచేసే బ్యాక్టీరియా కట్టుకున్న బుడిపె. అలా ఊడకుండా, వేరు తానే ఉబ్బి ముడులు పడి ఉంటే అది నులిపురుగుల పని. ఊడివచ్చిన బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది ఇంకా లేతది, లేదా పనికిరానిది. ఆకుపచ్చగా మారితే పని ముగిసింది. గులాబీ రంగులోనో, పచ్చిమాంసంలా ఎర్రగానో ఉంటే మాత్రం పని జోరుగా సాగుతున్నట్టు. ఆ ఎరుపు హిమోగ్లోబిన్‌ది. మన నెత్తురుకు రంగునిచ్చే ప్రోటీన్ కుటుంబంలోదే. 1939లో జపాన్ శాస్త్రవేత్త కుబో సోయాచిక్కుడు బుడిపెల్లో దీన్ని గుర్తించాడు. పప్పుజాతి మొక్కల్లో ఉంటుంది కాబట్టి లెగ్‌హిమోగ్లోబిన్ అని పేరు.

గుండె, రక్తనాళాలు లేని మొక్కకు హిమోగ్లోబిన్ ఎందుకు? దీనికి జవాబు నత్రజనిలో ఉంది. గాలిలో 78 శాతం నత్రజనే అయినా మొక్కలకు అది నేరుగా అందదు. రెండు నత్రజని పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడగొట్టి అమ్మోనియా చేయడానికి మన ఎరువుల కర్మాగారాలకు 400 డిగ్రీల సెల్సియస్ పైన వేడి, మామూలు వాయుపీడనానికి వందరెట్లకు మించిన పీడనం కావాలి. అదే పనిని రైజోబియం జాతి బ్యాక్టీరియా నేల వెచ్చదనంలోనే నైట్రోజినేస్ అనే ఎంజైముతో చేస్తుంది.

ఈ సంగతి తెలియడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. దారిలో పొరబడినవాళ్లంతా మహామహులు. 1679లో ఇటలీలో మాల్పీజీ ఈ బుడిపెల బొమ్మలు గీశాడు, కానీ అవి పురుగుల వల్ల వచ్చిన వాపులనుకున్నాడు. 1838లో ఫ్రెంచి శాస్త్రవేత్త బూసింగో క్లోవర్, బఠాణీ మొక్కల్లో నత్రజని పెరుగుతోందని, గోధుమలో పెరగడం లేదని తూకం వేసి చూపించాడు. తర్వాత తన ప్రయోగాలను ఇంకా కట్టుదిట్టం చేసి, ఆ పెరుగుదల కనిపించక, తన మాట తానే వెనక్కి తీసుకున్నాడు. జర్మనీలో లీబిగ్ మొక్కలన్నిటికీ గాలిలోని అమ్మోనియానే చాలుతుందన్నాడు. దాన్ని తప్పని నిరూపించినవాళ్లు లాస్, గిల్బర్ట్. 1843లో వాళ్లు పంట ప్రయోగాలు మొదలుపెట్టిన రోథమ్‌స్టెడ్ మన పాఠకురాలు ఉంటున్న హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోనే ఉంది.

తర్వాత పొరబడింది ఆ లాస్, గిల్బర్ట్‌లే. 1857లో అమెరికా నుంచి ఎవన్ ప్యూ అనే యువకుడు వచ్చి వాళ్లతో చేరాడు. ముగ్గురూ గాజు మూతల కింద గోధుమజాతి మొక్కలను, చిక్కుడుజాతి మొక్కలను పెంచారు. లోపలికి పంపే గాలిని అమ్మోనియా లేకుండా కడిగారు. మట్టిలో నత్రజని జాడ ఉండకూడదని దాన్ని బాగా కాల్చారు. ఏ మొక్కలోనూ నత్రజని పెరగలేదు. గాలిలోని నత్రజనిని మొక్కలు వాడుకోలేవని 1861లో ప్రకటించారు. అంత జాగ్రత్తగా చేసిన ప్రయోగం ఆ కాలంలో మరొకటి లేదేమో. ఆ జాగ్రత్తే కొంప ముంచింది. మట్టిని కాల్చినప్పుడు అందులోని బ్యాక్టీరియా కూడా మాడిపోయింది.

ముడి విప్పినవాళ్లు జర్మనీలోని బెర్న్‌బర్గ్‌లో పనిచేసిన హెల్‌రీగెల్, విల్‌ఫార్ట్. వాళ్ల ఇసుక కుండీల్లో ఓట్స్ మొక్కలు, వేసిన నైట్రేటుకు తగ్గట్టే పెరిగేవి. బఠాణీలు మాత్రం ఒక కుండీలో ఏపుగా ఎదిగేవి, పక్క కుండీలో చచ్చిపోయేవి. లెక్కకు లొంగని కుండీలను ఇంకొకరైతే పారేసేవారు. హెల్‌రీగెల్ వాటిమీదే దృష్టి పెట్టాడు. శుద్ధిచేసిన ఇసుకలో కొద్దిగా పొలంమట్టి నీళ్లు పోస్తే బఠాణీలకు బుడిపెలు వచ్చి, నైట్రేటు లేకుండానే పెరిగాయి. ఆ నీళ్లనే మరగబెట్టి పోస్తే ఫలితం సున్నా. 1886లో బెర్లిన్‌లో జరిగిన ఒక సభలో ఈ విషయం చెప్పారు. 1888లో హాలెండ్‌లో బైజరింక్ ఆ బ్యాక్టీరియాను విడదీసి పెంచాడు. రోథమ్‌స్టెడ్‌వాళ్లు కూడా ప్రయోగం మళ్లీ చేసి ఒప్పుకున్నారు.

మొక్కకూ బ్యాక్టీరియాకూ పరిచయం కుదిరే తీరు చూడండి. నత్రజని కరువైన మొక్క వేళ్లనుంచి ఫ్లేవనాయిడ్లనే రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. వాటిని పసిగట్టిన రైజోబియం తన సొంత రసాయన సంకేతం పంపుతుంది. ఆ అణువుకు వెన్నెముక కైటిన్, రొయ్య పెంకులో ఉండే పదార్థమే. సంకేతం అందగానే వేరు మీది సన్నని కేశం గొర్రెలకాపరి కర్రలా కొస వంచి బ్యాక్టీరియాను ఒడిసిపడుతుంది. అక్కడినుంచి లోపలికి సన్నటి గొట్టం ఒకటి ఏర్పడుతుంది. అందులోంచి బ్యాక్టీరియా వేరు కణాల్లోకి చేరి వేల సంఖ్యలో స్థిరపడుతుంది. బ్రాడ్ బీన్స్‌లో, బఠాణీలో వచ్చిన బ్యాక్టీరియా ఉబ్బిపోయి, ఇక విభజన చెందే శక్తిని కోల్పోతుంది. తర్వాత దాని బతుకంతా అమ్మోనియా తయారీయే.

చిక్కంతా ఆక్సిజన్‌తో వస్తుంది. నైట్రోజినేస్‌కు ఆక్సిజన్ తగిలితే శాశ్వతంగా పాడైపోతుంది. మరోపక్క ఒక్క నత్రజని అణువును విడగొట్టడానికి కణాల్లో శక్తిని మోసే ఏటీపీ అణువులు కనీసం 16 కావాలి, ఆ శక్తి రావాలంటే బ్యాక్టీరియా ఊపిరి పీల్చాలి, అంటే ఆక్సిజన్ ఉండితీరాలి. ఉంటే ఎంజైము చెడుతుంది, లేకపోతే శక్తి రాదు.

ఈ చిక్కు విప్పేది ఆ ఎర్ర ప్రోటీనే. బుడిపె బయటి పొరలు ఆక్సిజన్‌ను ఆచితూచి లోపలికి వదులుతాయి. వచ్చినదాన్ని వచ్చినట్టే లెగ్‌హిమోగ్లోబిన్ పట్టేసుకుంటుంది. అందువల్ల లోపల స్వేచ్ఛగా తిరిగే ఆక్సిజన్, గాలి తగిలే నీళ్లలో ఉండేదాంట్లో సుమారు పదివేలవ వంతుకు పడిపోతుంది. అయినా బ్యాక్టీరియాకు ఊపిరాడక పోదు. పట్టుకున్న ఆక్సిజన్‌ను లెగ్‌హిమోగ్లోబిన్ మోసుకెళ్లి దాని గుమ్మం దగ్గరే అప్పగిస్తుంది. 2005లో శాస్త్రవేత్తలు లోటస్ జపానికస్ అనే మొక్కలో ఈ ప్రోటీన్ తయారుకాకుండా ఆపి చూశారు. బుడిపెలు వచ్చాయి, వాటిలో బ్యాక్టీరియా చేరింది, కానీ లోపల ఆక్సిజన్ పెరిగి నైట్రోజినేస్ కరువైంది. అమ్మోనియా తయారీ పూర్తిగా ఆగిపోయింది.

ఇక్కడ కూడా ఒక తప్పు చాలాకాలం చలామణీ అయింది. ఈ హిమోగ్లోబిన్‌లో ప్రోటీన్ భాగం మొక్కది, ఇనుము ఉండే హీమ్ భాగం బ్యాక్టీరియాది అని పుస్తకాలు రాసేవి. వినడానికి ఎంతో అందంగా ఉంది, కానీ రెండూ మొక్క తయారుచేసేవే.

బ్యాక్టీరియా కోసం ఇంత చేసిపెడుతున్న మొక్క లెక్క చూసుకోదా? చూసుకుంటుంది. 2003లో శాస్త్రవేత్త టోబీ కియర్స్ బృందం కొన్ని సోయా బుడిపెల చుట్టూ నత్రజని తీసేసి ఆర్గాన్ నింపింది. బ్యాక్టీరియా ఎంత పనిచేయాలన్నా ముడిసరుకు లేదు. పని జరగని బుడిపెల్లోకి మొక్క ఆక్సిజన్ రాక తగ్గించింది, వాటిలో బ్యాక్టీరియా సంతతీ తగ్గిపోయింది.

ఇప్పుడు పెద్దాయన సలహా సంగతి. వేళ్లు నేలలో వదలమన్నది మంచి మాటే, మట్టి గుల్లబారుతుంది. ఎరువు మీద మాత్రం పెద్ద ఆశ పెట్టుకోకండి. మొక్కకు అలా అందిన నత్రజనిలో ఎక్కువ భాగం గింజల్లోకి వెళ్లింది, దాన్ని మీరే వండుకుని తిన్నారు. మిగిలినదాంట్లో ఆకు, కాండం వాటా పెద్దది, కాబట్టి వాటిని కంపోస్టు కుప్పలో వేయండి. పంటకు ఎరువే కావాలంటే గింజ కట్టకముందే నేలలో కలపాలి. మన రైతులు జీలుగ, జనుము, పిల్లిపెసర పూతదశలోనే కలియదున్నేది ఇందుకే.

బీన్స్ మడిలో యూరియా చల్లమని చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. నైట్రేటు దండిగా దొరికితే మొక్క బుడిపెలు కట్టడమే తగ్గించేస్తుంది. ఇంకొక సంగతి, అన్ని పప్పుజాతులకూ ఒకే బ్యాక్టీరియా పనికిరాదు. బ్రాడ్ బీన్స్‌కు కావలసింది ఇంగ్లండ్ నేలల్లో మామూలుగానే ఉంటుంది. సోయాకు కావలసింది అక్కడ లేదు, విత్తనానికి పట్టించాల్సిందే. మన దగ్గర కంది, పెసర, మినుము, బొబ్బర, వేరుశనగ దాదాపు ఒకే గుంపుతో సర్దుకుపోతాయి. శనగకు వేరే రకం కావాలి. అందుకని రైజోబియం కల్చర్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద మీ పంట పేరు ఉందో లేదో చూడండి, గడువు తేదీ చూడండి, ఎండలో పెట్టకండి. బెల్లం నీళ్లలో కలిపి విత్తనానికి పట్టించి, నీడలో ఆరబెట్టి, ఆ రోజే విత్తండి.