లెట్రిన్ గుంత తవ్వేముందు ఇంటివాళ్లను అడగాలి

దొర్నిపాడు: స్వచ్ఛభారత్ మిషన్ 2014 అక్టోబర్ 2న మొదలైంది. ఇంటి మరుగుదొడ్డికి రూ.12 వేల సాయం ఇస్తూ, రెండు గుంతల పద్ధతిని ప్రోత్సహించింది. పద్ధతి మంచిదే. కానీ ఒకే ప్లాన్ అన్ని ఊళ్లకూ, అన్ని ఇళ్లకూ సరిపోదు. దొర్నిపాడు లాంటి నల్లరేగడి ప్రాంతంలో వాడేవాళ్లను అడక్కుండా కడితే డబ్బు గుంతలో పోసినట్టే.

రెండు గుంతలు ఎందుకు?

ఒక గుంత నిండాక దాన్ని మూసి, రెండోదానికి మళ్లించాలి. మూసిన గుంతను ఏడాది నుంచి రెండేళ్లు కదపకుండా ఉంచితే మలం వాసన లేని ఎరువుగా మారుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతంలోని గంగదేవిపల్లిలో అప్పటి కేంద్ర పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువు తీశారు. ఊరి పనులను ప్రజలే కమిటీలు వేసుకుని నడుపుకోవడంలో ఆ గ్రామానికి పేరుంది.

రెండు గుంతలూ ఒకేసారి వాడితే మాత్రం రెండూ పచ్చిగానే నిండుతాయి. అప్పుడు వాటిని ఎత్తడానికి ఎవరినో పిలవాలి. మనుషులతో మలం ఎత్తించడాన్ని 2013 చట్టం నిషేధించింది.

నేల సంగతి

నల్లరేగడిలో నీళ్లు తొందరగా ఇంకవు. అందుకే గుంత గోడ బయట చుట్టూ దాదాపు 30 సెంటీమీటర్ల మందాన ఇసుక, కంకర నింపాలి. ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో ఉందా? వానకు ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయి? బోరు ఎంత దూరంలో ఉంది? ఇవి స్థానికులకే బాగా తెలుసు.

మన ఇళ్లలో చెప్పాల్సినవి

ఖిబ్లా వైపు ముఖం గానీ వీపు గానీ రాకుండా సీటు పెట్టాలని చాలా కుటుంబాలు కోరుకుంటాయి. సిమెంటు వేశాక చెబితే పగలగొట్టాల్సిందే. వుజూ, స్నానం నీళ్లు ఈ గుంతలోకి రాకూడదు. వాటికి వేరే ఇంకుడు గుంత కావాలి. మలమూత్రాలను వేరుచేసే ఎకోసాన్ రకంలో మలం పడేచోట నీళ్లు పడకూడదు. తహారత్‌కు నీళ్లు వాడేవాళ్లకు ఇది ఇబ్బంది. తమిళనాడులోని ముసిరిలో స్కోప్ సంస్థ కట్టించిన వాటిలో కడుక్కునే నీళ్లకు వేరే దారి పెట్టారు.

పర్దా, ముసలివాళ్ల మోకాళ్ల నొప్పులు, రాత్రిపూట లైటు గురించి ఇంట్లో ఆడవాళ్లే బాగా చెప్పగలరు. గ్రామసభకు మగవాళ్లు మాత్రమే వెళ్తే ఈ మాటలు బయటికి రావు. కాబట్టి మార్కింగ్ వేయకముందే అమ్మీలు, అక్కాచెల్లెళ్లు కూడా సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంట్‌తో కూర్చుని మాట్లాడటం మేలు.