కఠినమైన సుడోకును విడదీయు మార్గము

తొమ్మిది అడ్డవరుసలు, తొమ్మిది నిలువువరుసలు, మూడేసి గళ్ల పొడవును మూడేసి గళ్ల వెడల్పును గల తొమ్మిది చిన్న చదరములు: ఇట్లు ఎనుబదియొక్క గళ్లు గల పటమును మన తెలుగు దినపత్రికలలో మీరెల్లరు చూచియే యుందురు. ప్రతి అడ్డవరుసయందును, ప్రతి నిలువువరుసయందును, ప్రతి చదరమునందును 1 మొదలు 9 వరకు గల అంకెలు ఒక్కొక్కటి ఒక్కొక్క పర్యాయమే రావలెను. నియమమింతే. దీనిని సుడోకు అందురు.

సులభమైన సుడోకును పూర్తిచేయు పెద్దలు మన పల్లెలలోను కలరు. కాని పైన "కఠినము" అని అచ్చువేసిన దినమున, సగము గళ్లు నిండిన పిమ్మట చేయి ఆగిపోవును. అప్పుడు కొందఱు ఏదో యొక యంకెను ఊహించి వ్రాయుదురు. మఱికొందఱు "వయసు మీరినది, బుద్ధి పాఱుట లేదు" అని పత్రికను మడిచి ప్రక్కన బెట్టుదురు. ఈ రెండును అనవసరములు. వయసునకు దీనితో సంబంధము లేదు. సులభమైనదానికి చాలిన పద్ధతి కఠినమైనదానికి చాలదు, అంతే. ఆ పై పద్ధతులు నేర్చుకొనదగినవి. వానిని చెప్పుటయే ఈ ప్రసంగమున నా పని.

ముందుగా దీని పుట్టుపూర్వోత్తరములు రెండు మాటలలో చెప్పెదను. పేరు జపానుది, పుట్టుక అమెరికాది. హోవర్డ్ గార్న్స్ అను భవననిర్మాణ శిల్పి కల్పించిన ఈ ప్రహేళిక 1979లో డెల్ సంస్థవారి పత్రికలో "నంబర్ ప్లేస్" అను పేరుతో అచ్చయ్యెను. 1984లో జపానులోని నికోలి సంస్థవారు దానిని గైకొనిరి. అంకె ఒంటరిగానే యుండవలెనను అర్థము గల జపాను వాక్యమును కుదింపగా సుడోకు అను పేరు వచ్చెను. హాంగ్‌కాంగులో న్యాయాధిపతిగా పనిచేసి విరమించిన వేన్ గౌల్డ్ అను న్యూజీలాండు దేశీయుడు, ఇట్టి పటములను కల్పించు కంప్యూటరు ప్రోగ్రామును వ్రాసి, 2004 నవంబరులో లండను టైమ్స్ పత్రికయందు దీనిని ప్రవేశపెట్టించెను. అటుపిమ్మట లోకమంతయు వ్యాపించినది. న్యాయాధిపతికి ఇది రుచించుటలో వింత లేదు. ఇందలి పనియంతయు సాక్ష్యమును తూచుటయే.

ఎటు కూడినను పదునైదు వచ్చు తొమ్మిదిగళ్ల యంత్రమును మీరెఱుగుదురు. అట్టివానిని గుఱించి 1356లో నారాయణ పండితుడు గణితకౌముదియందు విస్తరించి వ్రాసెను. సుడోకు ఆ కోవలోనిది కాదు. ఇందు కూడికయే లేదు. అంకెలకు బదులుగా నవధాన్యముల పేర్లు వ్రాసికొన్నను ఆట మాఱదు. కావున లెక్కలు రావని ఎవరును జంకనక్కఱలేదు.

ఇక పనిలోనికి వత్తము. రేడియోలో పటము చూపుటకు వీలులేదు. కాగితము, పెన్సిలు చేతబట్టుకొని మీరే గీసికొనుడు. పైనుండి క్రిందికి అడ్డవరుసలను, ఎడమనుండి కుడికి నిలువువరుసలను ఒకటవది, రెండవది అని లెక్కించెదము.

చేయి ఆగిన క్షణమున చేయవలసిన మొదటి పని, ఖాళీగా నున్న ప్రతి గడియందును దానికి అర్హములైన అంకెలన్నిటిని సన్నని యక్షరములతో వ్రాయుట. ఆ గడి అడ్డవరుసలో, నిలువువరుసలో, చదరములో ఇదివఱకే యున్న అంకెలను విడిచి తక్కినవన్నియు అర్హములే. ఇది విసుగు పుట్టించు పని. దీనిని తప్పించుకొనగోరియే పలువురు కఠినమైన సుడోకులో చిక్కుకొందురు. ఏ గడికి ఏది వచ్చునని వెదకుటకంటె, ఏది రాజాలదని తేల్చుట ఇక్కడినుండి ముఖ్యము. రాజాలనిదానిని తుడిచివేయగా మిగిలినదే సత్యము.

ఎడమవైపు పైచదరమును చూడుడు. అందులో 5 ఉండదగిన గళ్లు రెండే యని, అవి రెండును రెండవ అడ్డవరుసలోనే యున్నవని తేలినదనుకొనుడు. ఆ చదరమునకు 5 కావలెను గదా. అది ఈ రెంటిలో దేనియందున్నను రెండవ వరుసకు చెందినదే. కనుక ఆ వరుసలో చదరమునకు వెలుపలనున్న గళ్లన్నిటినుండియు 5ను తుడిచివేయవచ్చును. దాని చోటు ఇంకను తేలలేదు. అయినను ఆఱు గళ్లకు తీర్పు చెప్పితిమి.

దాయాదుల పాలుపంపిణీలు చూచినవారికి తరువాతి పద్ధతి సులభము. నాలుగవ అడ్డవరుసలోని రెండవ గడియందును ఏడవ గడియందును 3, 8 అను రెండంకెలే అర్హములై యున్నవనుకొనుడు. ఏది 3ను పొందునో, ఏది 8ని పొందునో చెప్పజాలము. రెండు చేలు ఇద్దఱన్నదమ్ములకే చెందవలెనని తేలిన పిమ్మట, ఎవనికేది వచ్చునో తేలకున్నను, మూడవవానికి వానిలో పాలు లేదని పెద్దమనుష్యులు చెప్పగలరు. అట్లే ఆ వరుసలోని తక్కిన గళ్లనుండి 3ను, 8ని తీసివేయవలెను. తొమ్మిదవ గడిలో 3, 6 వ్రాసియున్నచో ఇక 6 నిశ్చయము. దీనికి తిరుగుడు రూపము కూడ కలదు. ఒక చదరములో 1, 9 అను అంకెలకు రెండు గళ్లే చోటైనచో, ఆ గళ్లలో 2, 4 మొదలగునవి వ్రాసియున్నను వానికి అచట స్థానము లేదు. ఇది కంటికి శీఘ్రముగా ఆనదు. ఒక్కొక్క యంకెను పట్టుకొని వెదకవలెను.

నాకు మిక్కిలి ప్రియమైనది ఎక్స్-వింగ్ అను పద్ధతి. రెండవ అడ్డవరుసలో 7 అను అంకెకు మూడవ గడి, ఆఱవ గడి తప్ప వేఱుచోటు లేదు. దూరముగా ఎనిమిదవ అడ్డవరుసలోను సరిగా అట్లే, 7 మూడవ గడిలోనైన ఆఱవ గడిలోనైన నుండవలెను. ఈ నాలుగు గళ్లు ఒక దీర్ఘచతురస్రము యొక్క నాలుగు మూలలు. రెండవ వరుసలోని 7 మూడవ గడికి వచ్చినచో, మూడవ నిలువువరుసలో మఱియొక 7 కూడదు గనుక, ఎనిమిదవ వరుసలోని 7 ఆఱవ గడికి పోవును. లేదా ఇది ఆఱవ గడికి వచ్చినచో అది మూడవ గడికి పోవును. ఎదురెదురు మూలలను కలిపినచో ఇంటూ గుర్తు ఏర్పడును. పేరు అందుచేతనే వచ్చినది. ఎట్లైనను మూడవ, ఆఱవ నిలువువరుసలకు రావలసిన రెండు ఏడులు ఈ మూలలలోనే తీఱిపోయినవి. కావున ఆ నిలువువరుసలలోని తక్కిన గళ్లన్నిటినుండియు 7ను నిశ్చింతగా తుడిచివేయుడు. ఇందు ఊహ ఇసుమంతయు లేదు. రెండు త్రోవలను నడచి చూచి, రెంటికిని సమానమైనదానిని మాత్రమే గ్రహించితిమి. ఇదే విచారమును మూడు అడ్డవరుసలకును మూడు నిలువువరుసలకును సాగించినచో దానిని స్వోర్డ్‌ఫిష్ అందురు. అది అరుదు, ఎక్స్-వింగ్ అలవడినవారికి దానంతటదే పట్టుబడును.

మఱియొకటి కీలు వంటిది. అయిదవ వరుస అయిదవ గడిలో 2, 6 కలవు. అదే అడ్డవరుస తొమ్మిదవ గడిలో 2, 9 కలవు. అయిదవ నిలువువరుసలోనే, మొదటి అడ్డవరుస గడియందు 6, 9 కలవు. కీలుగడి 2 అయినచో తొమ్మిదవ గడి 9 యగును. 6 అయినచో పైగడి 9 యగును. ఏదో యొక రెక్కలో 9 తప్పదు. కాబట్టి రెండు రెక్కలును కలిసికొనుచోట, అనగా మొదటి అడ్డవరుస తొమ్మిదవ గడిలో, 9 ఉండజాలదు.

సమాధానము ఒక్కటే యుండవలెనను నియమమును ఆధారముగా గొని కొన్ని గళ్లను తేల్చు ఉపాయములును కలవు. అవి తప్పు కావు గాని నాకంతగా రుచింపవు. వానియందు పటముయొక్క సాక్ష్యమునుగాక, పటము కల్పించినవాని మాటను నమ్ముచున్నాము.

ఇచ్చిన అంకెలు తక్కువైనచో సుడోకు కఠినమని పలువురి నమ్మకము. అది నిజము కాదు. డబ్లిన్ నగరమున గణితాచార్యుడైన గ్యారీ మెక్‌గ్వైర్ తన సహచరులతో గూడి, పదునాఱంకెలు మాత్రమే యిచ్చి ఏకైక సమాధానము వచ్చునట్లు చేయుట అసాధ్యమని 2012లో కంప్యూటరు సాయమున నిరూపించెను. పదునేడు కావలెను. అట్టి పదునేడంకెల పటములలో సులభముగా తేలిపోవునవి పెక్కు కలవు. ఇరువదియైదు అంకెలిచ్చినను లొంగనివియు కలవు. అట్లే, సుడోకు చేసినవారికి మతిమఱుపు రాదను మాటయు నిరూపితము కాలేదు. అభ్యాసముచే సుడోకులో నేర్పు పెరుగుననుట మాత్రము నిశ్చయము.

పై పద్ధతులన్నియు చాలని దినమును కలదు. అప్పుడైనను అసలు పటముపై ఊహించి వ్రాయరాదు. తప్పంకె వెంటనే బయటపడదు. ఇరువది గళ్లు నిండిన పిమ్మట ఒక వరుసలో రెండు నాలుగులు కనబడును, అప్పుడు ఏది మొదటి తప్పో తెలియక కాగితమంతయు వ్యర్థమగును. రెండంకెలే అర్హములైన గడి నొకదానిని ఏఱుకొని, పటమునకు రెండు ప్రతులు వ్రాసికొనుడు. ఒకదానిలో మొదటి యంకెతోను, రెండవదానిలో రెండవ యంకెతోను నడువుడు. ఒక ప్రతిలో వైరుధ్యము వచ్చినచో రెండవది నిజమని తేలినది. రెండును వైరుధ్యము లేకయే నడుమ నిలిచిపోయినచో వానిని ప్రక్కప్రక్కన నుంచి పోల్చుడు. ఏ గడియందైన రెండు ప్రతులలోను ఒకే యంకె వచ్చియున్నచో, దానిని అసలు పటమున సిరాతో వ్రాయవచ్చును.