సైకిలెక్కిన కెమేరా!

తెలుగు సినిమాలో హీరో సైకిలెక్కాడంటే హాల్లో ఓ ప్రత్యేకమైన హుషారు పుడుతుంది. కారెక్కిన హీరో కాస్త దూరంగా కనిపిస్తాడు గానీ, సైకిలెక్కినవాడు మన వీధివాడే! 1989లో వచ్చిన ‘శివ’నే తీసుకోండి. అన్న కూతుర్ని సైకిలు మీద ఎక్కించుకుని నాగార్జున పారిపోతూంటే, వెనకాల రౌడీల కారు తరుముకొస్తూంటే, కుర్చీ అంచుకి జరిగి కూర్చోనివాడు హాల్లో ఎవడు? 2010లో ‘మర్యాద రామన్న’ వచ్చేసరికి సైకిలుకి ఏకంగా మాటలే వచ్చేశాయి. రవితేజ దానికి గొంతు అరువిచ్చాడు!

సరే, హీరోల సంగతి అలా ఉంచండి. మనం సైకిలు తొక్కుతూంటే ఆ రోడ్డునీ, ఆ మలుపునీ, ఎదురొచ్చే ఆ లారీనీ సినిమా తీసేదెవరు?

ఉన్నాడండీ, దానికీ ఓ కెమేరామన్ ఉన్నాడు. అగ్గిపెట్టెలో పడుకోగలడు. బరువు మహా అయితే కొన్ని తులాలే. బేటా అడగడు, క్యారేజీ భోజనం అడగడు. సైకిలు హ్యాండిలుకి కట్టేస్తే కిక్కురుమనకుండా మీతో వచ్చేస్తాడు. అదే చవకబారు బుల్లి వీడియో కెమేరా. కొన్నేళ్లుగా దాన్ని హ్యాండిలుకీ, హెల్మెట్టుకీ, రొమ్ముకీ, సీటు కిందా కట్టుకుని హైదరాబాదు రోడ్ల మీద తిరుగుతున్నాను. అంచేత దాని గుణాలూ, దుర్గుణాలూ కాస్త తెలుసు.

బుల్లివాడి పుట్టుపూర్వోత్తరాలు

2002లో నిక్ వుడ్‌మన్ అనే అమెరికా యువకుడు సముద్రపు అలల మీద పలకెక్కి జారే సరదాతో ఆస్ట్రేలియా, ఇండోనేషియా వెళ్లాడు. అల మీదుండగానే ఫోటో తీసుకోవాలంటే కెమేరాని మణికట్టుకి కట్టుకోవాలి గదా! ఆ పట్టీ కోసం పడిన తంటాల్లోంచే గోప్రో పుట్టింది. 2004లో ఆ పేరుతో అమ్మిన మొదటి కెమేరా అచ్చమైన 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమేరా అంటే నమ్ముతారా? డిజిటల్ వేషం ఆ తర్వాత వేసింది. పేరు మోగింది, ధర కూడా దాంతోపాటే పైకెక్కి కూర్చుంది.

ఇహ మన జేబుకి సరిపడేవాడు 2009 ప్రాంతాల చైనా నుంచి దిగాడు. చూస్తే కారు తాళానికుండే రిమోటులా ఉంటాడు, పేరు మాత్రం 808. చిత్రమేమిటంటే, తయారుచేసినవాడి పేరు దాని మీద ఎక్కడా ఉండేది కాదు. పైడబ్బా ఒకటే, లోపలి సరుకు వేరు! మోసపోకుండా ఉండటానికి కొన్నవాళ్లే కూడబలుక్కుని వాటికి 3వ నంబరు, 11వ నంబరు, 16వ నంబరు అని నంబర్లు వేసుకున్నారు. 16వ నంబరు మంచి హెచ్‌డి బొమ్మ ఇచ్చింది. ఆటబొమ్మ విమానాలు ఎగరేసేవాళ్లు దాన్ని రెక్కలకి కట్టారు, సైకిళ్లవాళ్లు హ్యాండిళ్లకి కట్టారు. 2013లో మోబియస్ అనే మరో బుల్లి కెమేరా వచ్చింది. సుమారు 40 గ్రాముల బరువు, 1080 గీతల బొమ్మ!

ఇందులో అద్భుతం ఏమిటో ఓ లెక్క చెప్తాను. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకి 24 ఫ్రేముల చొప్పున, అంటే అడుగున్నర చొప్పున పరిగెడుతుంది. 400 అడుగుల రీలు నాలుగున్నర నిమిషాల్లోపే హరీ! వేలిగోరంత 32 జి.బి. కార్డు మీద ఈ బుల్లివాడు నాలుగు గంటల పైచిలుకు రాసుకుంటాడు. అయితే బ్యాటరీ గంట తిరిగేసరికి గుడ్లు తేలేస్తుంది, అది వేరే సంగతి.

వణుకుడు రోగం!

మొదటిసారి హ్యాండిలుకి బిగించి తీసిన సినిమా చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. కరెంటు స్తంభాలు పాముల్లా మెలికలు తిరుగుతూంటాయి. ఎదుటి బస్సు జున్నుముక్కలా జలజల్లాడుతుంది. కెమేరా చెడిపోయిందనుకుంటాం. కాదు!

ఫిల్ము కెమేరా ఒక ఫ్రేముని దాదాపు ఒక్కసారిగా చూస్తుంది. ఈ చవక కెమేరా అలా కాదు. పై గీత నుంచి కింది గీత దాకా, మనం పుస్తకంలో వరసలు చదివినట్టు, ఒక్కో గీతే చదువుకుంటూ దిగుతుంది. దీన్ని రోలింగ్ షట్టరు అంటారు. పై గీత చదివినప్పుడు సైకిలు ఒకచోట, కింది గీత చదివేసరికి గతుకులో పడి ఇంకోచోట! ఇహ స్తంభం నిటారుగా ఎలా ఉంటుంది చెప్పండి?

దీనికి మందు ఏమిటి? మన సినిమావాళ్లే చెప్పారు. గ్యారెట్ బ్రౌన్ అనే ఆయన స్టెడీక్యామ్ అనే సాధనం కనిపెట్టాడు. కెమేరామన్ ఒంటికి తొడుగు, దానికో స్ప్రింగు చెయ్యి, ఆ చేతికి కెమేరా. నడిచినా పరిగెత్తినా బొమ్మ నీళ్ల మీద పడవలా తేలిపోతుంది. 1976లో ‘బౌండ్ ఫర్ గ్లోరీ’, ‘రాకీ’ చిత్రాల్లో దాని ప్రతాపం లోకానికి తెలిసింది. ఇందాక చెప్పిన ‘శివ’లో ఎస్. గోపాల్‌రెడ్డిగారి ఛాయాగ్రహణం గురించి మాట్లాడేవాళ్లెవరూ స్టెడీక్యామ్ పేరెత్తకుండా ఉండరు.

మనకి స్టెడీక్యామ్ ఎక్కణ్ణించి వస్తుందంటారా? మీ ఒళ్లే స్టెడీక్యాము! గతుకు వచ్చినప్పుడు మోకాళ్లు, మోచేతులు, నడుము స్ప్రింగుల్లా దాన్ని మింగేస్తాయి. ఇనప హ్యాండిలు మింగదు. అందుకే అదే కెమేరాని రొమ్ముకి పట్టీ వేసి కట్టుకుంటే సగం వణుకు పోతుంది. హెల్మెట్టు మీద కూడా నిలకడగానే ఉంటుంది గానీ, మీరు తల తిప్పినప్పుడల్లా బొమ్మ గిర్రున తిరుగుతుంది. హ్యాండిలుకే కట్టాలని పట్టుబడితే కింద పాత ట్యూబు ముక్క నాలుగు మడతలు వేసి బిగించండి. పైసా ఖర్చు లేదు.

వేగం ఒక కనికట్టు

ఇంకో తమాషా వినండి. 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతూ, కెమేరాని హెల్మెట్టు మీద పెట్టి తీస్తే ఎడ్లబండి ప్రయాణంలా ఉంటుంది. అదే కెమేరాని ముందు చక్రం పక్కన, నేలకి జానెడెత్తున కడితే జెట్ విమానమే! నేల దగ్గరైన కొద్దీ రాళ్లూ, గీతలూ ఫ్రేములోంచి సర్రున జారిపోతాయి. కన్ను దాన్నే వేగమనుకుంటుంది. పైగా ఈ బుల్లి కెమేరాల కటకం వెడల్పు చూపుది. దగ్గరున్నవి పెద్దవిగా, దూరమున్నవి మరీ దూరంగా చూపిస్తుంది. తెర మీద మీరు చూసే సైకిలు ఛేజుల్లో సగం వేగం హీరో కాళ్లలో ఉండదు, కెమేరా పెట్టిన చోట ఉంటుంది.

వెలుగు సంగతి కూడా చెప్పాలి. 2023 అక్టోబరులో ప్రారంభమైన హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు పక్క సైకిలు బాట ఉంది చూశారూ, 23 కిలోమీటర్లది, అక్కడ పైన సౌరఫలకాల కప్పు. కింద నీడ, పక్కన ఎండ. నీడకి కళ్లు విప్పుకున్న చవక కెమేరాకి పక్కనున్న ఎండ సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. మరిలాంటప్పుడు కెమేరాని కాస్త నేలచూపు చూసేట్టు వంచండి, ఆకాశం తగ్గి రోడ్డు బతుకుతుంది.

ఇలాంటి బుల్లి కెమేరాలతో పెద్ద సినిమా తియ్యలేమనుకోకండి. 2012లో ‘లెవయథన్’ అనే డాక్యుమెంటరీ వచ్చింది. అమెరికాలో న్యూబెడ్‌ఫర్డ్ నుంచి బయల్దేరే చేపల పడవ మీద బుల్లి గోప్రోలు కట్టి, అలల్లోకీ, వలల్లోకీ, చేపల మధ్యకీ తోసి తీసిన చిత్రమది. పెద్ద కెమేరా దూరలేని చోట చిన్నది దూరింది, అదే దాని గొప్ప!

రోడ్డు మీద సాక్షి

ఇంతదాకా సరదా. ఇప్పుడు అసలు సంగతి.

ఓ ఉదయం బజారువీధిలో నేనూ, నా మిత్రుడూ సైకిళ్ల మీద పోతున్నాం. అతను ముందు, నేను వెనక. రోడ్డు పక్క ఆపి ఉన్న ఒక కారు తలుపు ఫట్‌మని తెరుచుకుంది. మిత్రుడు తలుపుకి కొట్టుకుని నేలమీద! లోపల్నించి దిగిన పెద్దమనిషి, “ఏమయ్యా, కళ్లు కనపడవా? స్పీడుగా వచ్చి గుద్దుతావా?” అని గట్టిగా అందుకున్నాడు. చుట్టూ మూగిన జనం కూడా, “కుర్రాళ్లు మరీ దూకుడుగా పోతున్నారండీ” అని వంత పాడారు. మిత్రుడు మోచెయ్యి పట్టుకుని మూలుగుతున్నాడు. మాట పెగల్లేదు.

నా రొమ్ము మీద రెండు వేల రూపాయల కెమేరా అంతా చూస్తూనే ఉంది. పక్కనే ఉన్న సెల్‌ఫోన్ల కొట్టు కుర్రాడు కార్డు తీసి తన ఫోనుకి తగిలించాడు. బొమ్మలో అంతా ఉంది. మెల్లగా పోతున్న సైకిలు, కదలని కారు, ఒక్కసారిగా తెరుచుకున్న తలుపు. ఆ పెద్దమనిషి రెండుసార్లు చూశాడు. “ఏమయ్యా” కాస్తా “పదండి, ఆస్పత్రికి పోదాం” అయింది. మిత్రుణ్ణి తన కారులోనే తీసుకెళ్లి, ఎక్స్‌రే ఖర్చూ, కట్టు ఖర్చూ ఆయనే పెట్టుకున్నాడు. ఎముక చిట్లింది, నెలన్నరకి అతుక్కుంది.

అదే కెమేరా లేకపోతే? తప్పు మిత్రుడిదే అయ్యుండేది. రోడ్డు మీద పెద్ద బండివాడి గొంతు పెద్దది, సైకిలువాడి గొంతు చిన్నది. ఆ తేడాని సరిచేసింది ఆ చవక డబ్బాయే.

పెద్దవాళ్లకీ మినహాయింపు లేదు సుమా! ‘షెర్లాక్ హోమ్స్’ తీసిన హాలీవుడ్ డైరెక్టరు గై రిచీ 2019లో లండన్ హైడ్‌పార్కు దగ్గర కారు నడుపుతూ ఫోనులో సందేశం చూసుకుంటూంటే, ఓ సైకిలాయన కెమేరాకి చిక్కాడు. అప్పటికే అతివేగం తాలూకు మచ్చలు లైసెన్సు మీదున్నాయి. 2020లో కోర్టు ఆర్నెల్లు కారు నడపొద్దంది. కెమేరా వెనక బతికేవాడు, కెమేరా ముందు దొరికిపోయాడు!

అయితే ఈ సాక్షి నోట మాట నిలబడాలంటే కొన్ని జాగ్రత్తలున్నాయి. గడియారం సరిచేసి ఉంచండి. బ్యాటరీ పూర్తిగా అయిపోతే చాలా చవక కెమేరాలు పాత తేదీకి వెళ్లిపోతాయి, తప్పు తేదీ వేసుకున్న సాక్షిని ఎవరు నమ్ముతారు? ప్రమాదం తాలూకు బొమ్మని కత్తిరించకండి, పాటలు కలపకండి, అసలు కార్డుని అలాగే దాచండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షను ఇలాంటి ఎలక్ట్రానిక్ రికార్డుల గురించే. దానికి ధ్రువపత్రం కూడా జతచెయ్యాలి. ఇంకోటి, వెడల్పు కటకం గనక నంబరుప్లేటు నాలుగైదు మీటర్లు దాటితే అలుక్కుపోతుంది. నంబరు గట్టిగా పైకి చదవండి, మైకు రాసుకుంటుంది!

‘కట్’ చెప్పేవాడెవడు?

ఇప్పుడు తమ్ముళ్లకీ, చెల్లెళ్లకీ ఓ మాట. ఈ కెమేరాలో ఓ మాయ ఉంది. ఎర్రలైటు వెలగ్గానే మనలో హీరో నిద్ర లేస్తాడు. చేతులొదిలెయ్యాలనిపిస్తుంది, లారీ పక్కనుంచి దూరిపోవాలనిపిస్తుంది. వీడియోకి లైకులు కావాలి గదా మరి!

‘ప్రీమియం రష్’ అనే హాలీవుడ్ చిత్రం 2012లో వచ్చింది. కథంతా న్యూయార్కు వీధుల్లో సైకిలు మీదే. 2010లో దాని షూటింగులో హీరో జోసెఫ్ గోర్డన్ లెవిట్ టాక్సీ వెనక అద్దంలోకి దూసుకుపోయాడు. చేతికి 31 కుట్లు! ఫైటుమాస్టరుంటాడు, డూపుంటాడు, ఎదురుగా అంబులెన్సుంటుంది. అంత సరంజామా ఉన్నచోటే రక్తం వచ్చింది. మీ షూటింగులో ఎవరున్నారు? ఎదురొచ్చే లారీవాడికి స్క్రిప్టు ఇచ్చారా?

20 కిలోమీటర్ల వేగంలో సైకిలు సెకనుకి అయిదున్నర మీటర్లు పోతుంది. కెమేరా ఆన్ అయిందా లేదా అని రెండు సెకన్లు తలదించి చూశారంటే, పదకొండు మీటర్లు కళ్లు మూసుకు తొక్కినట్టే లెక్క. అందుకే బయల్దేరే ముందే మీట నొక్కండి, ఇల్లు చేరాకే ఆపండి. దారిలో దాని ఊసెత్తకండి. మీరు మర్చిపోయినంతసేపూ అది మీ సాక్షి. మీకు గుర్తున్న క్షణం నుంచీ మీరు దాని బానిస.

కొనబోయే ముందు

రెండు మూడు వేలకి దొరికే డబ్బాల మీద ‘4కె’ అని బంగారు అక్షరాలుంటాయి. చాలావాటిలో అది చిన్నబొమ్మని సాగదీసిన సరుకే. 1080తో తృప్తిపడండి. కార్డు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. 10వ తరగతి కార్డు, అంటే సెకనుకి కనీసం 10 ఎం.బి. రాసేది, నమ్మకమైన కొట్లో కొనండి. దొంగకార్డులు 64 అని చెప్పుకుని 8 దగ్గరే చేతులెత్తేస్తాయి. కార్డు నిండగానే పాతది చెరిపి కొత్తది రాసుకునే సదుపాయం, దాన్నే లూపు రికార్డింగు అంటారు, ఉందో లేదో అడగండి. మే నెల ఎండలో కెమేరాని సైకిలుకే వదిలేసి టీ తాగడానికి వెళ్లకండి, బ్యాటరీ ఉబ్బుతుంది. కట్టిన పట్టీకి తోడు ఓ దారం కూడా ముడెయ్యండి, గతుకులో ఎగిరిపడితే దారమే కాపాడుతుంది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరండి. రోడ్లు ఖాళీగా ఉంటాయి, వెలుగు పసుపురంగులో వాలుగా పడుతుంది. మన కెమేరామన్లంతా ఎదురుచూసే వెలుగది. రొమ్ముకి కట్టుకోండి, మీట నొక్కండి, మర్చిపోండి. ఇంటికొచ్చి కాఫీ తాగుతూ చూసుకోండి. అరవై నిమిషాల్లో ఒక్క నిమిషం బాగుందనుకోండి, మీరు కెమేరామన్లయినట్టే. అరవై నిమిషాల్లోనూ ఏమీ జరగలేదనుకోండి, అంతకన్నా మంచి సినిమా ఇంకోటి లేదు!