అంతరిక్షంలో నోటీసు బోర్డు

అంతరిక్ష నవల అనగానే మన కళ్ల ముందు మెదిలేది మెరిసిపోయే నౌక, దాన్ని నడిపే ధీరుడు, అతని చేతిలో కిరణాల తుపాకీ. కానీ సైన్స్ ఫిక్షన్‌లో ఇంకో తరహా నవలలు కూడా ఉన్నాయి. వాటిలో నౌక చెడిపోతుంది, కథానాయకుడికి ఏ విద్యా రాదు, విశ్వం నిండా ఆఫీసులే. అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో అలాంటి నవల ఒకటి మాకు దొరికింది. పీజీ గదిలో నలుగురం వంతులు వేసుకుని చదివాం. హాస్టల్ తమ్ముళ్లకు ఆ నవలలను పరిచయం చేద్దామనే ఈ వ్యాసం.

మాకు దొరికిన పుస్తకం 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ'. హిచ్‌హైకర్ అంటే దారిన పోయే బండిని చెయ్యెత్తి ఆపి, డబ్బులివ్వకుండా ప్రయాణం చేసేవాడు. రచయిత ఇంగ్లండుకు చెందిన డగ్లస్ ఆడమ్స్. ఇది 1978 మార్చి 8న బీబీసీ రేడియోలో నాటకంగా మొదలై, 1979లో నవలగా వచ్చింది. ఆర్థర్ డెంట్ అనే మామూలు మనిషి ఒక గురువారం పొద్దున్నే లేచేసరికి ఇంటి ముందు బుల్‌డోజర్లు నిలబడి ఉంటాయి. బైపాస్ రోడ్డుకు ఇల్లు అడ్డమట. ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, ప్లాను ఆఫీసులో అందరికీ కనపడేలా పెట్టాం కదా అంటాడు అధికారి. తీరా ఆ ప్లాను ఎక్కడుందయ్యా అంటే నేలమాళిగలో, ఎవరూ వాడని మరుగుదొడ్డిలో, తాళం వేసిన బీరువాలో!

అంతలోనే ఆకాశంలోకి వోగన్లు అనే జాతి నౌకలు వస్తాయి. వాళ్లు వేసే అంతరిక్ష బైపాస్‌కు భూమి మొత్తం అడ్డమట. ఆ ప్లాను కూడా యాభై ఏళ్లుగా ఆల్ఫా సెంటారీలోని కార్యాలయంలో ఉందట, మనుషులే వెళ్లి చూసుకోలేదట. ఇక్కడ కాస్త లెక్క చూడాలి. ఆల్ఫా సెంటారీ మనకు నాలుగు కాంతి సంవత్సరాలకు కొంచెం పైన ఉంది. సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో పోతున్న వాయేజర్-1 లాంటి నౌకలో బయలుదేరినా అక్కడికి చేరడానికి 70,000 ఏళ్లు దాటుతుంది. అభ్యంతరం చెప్పుకోవడానికి మాత్రం యాభై ఏళ్లు గడువు ఇచ్చారు! ఆర్థర్ ఇల్లు కూల్చడానికి వచ్చిన అధికారి కూడా భూమితో పాటే పోతాడు. అతని ఆఫీసుకు పైన ఇంకో ఆఫీసు ఉందని పాపం అతనికీ తెలియదు.

ఇక్కడిదాకా పడీ పడీ నవ్విన మేము ఒక్కసారిగా మాటలు ఆపేశాం. ఇంటర్ రెండో సంవత్సరంలో స్కాలర్‌షిప్ రెన్యువల్ గడువు తేదీ ఒక కార్యాలయంలో అతికించారు. అతికించింది గోడకు కాదు, తలుపు రెక్కకు. ఆఫీసు తెరిచినప్పుడు ఆ రెక్క గోడ వైపు తిరిగిపోయేది. అంటే నోటీసు కనపడేది ఆఫీసు మూసేసిన తర్వాతే. మూడుసార్లు బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్లాం, మూడుసార్లూ పనివేళల్లోనే వెళ్లాం. గడువు దాటాక నోటీసు పెట్టాం కదా, చూసుకోవాల్సింది మీరే అన్నారు. మాలో ముగ్గురికి ఆ ఏడాది డబ్బు రాలేదు. ఇద్దరం ఎలాగో నెట్టుకొచ్చాం. మూడో అతను సెంట్రింగ్ పనికి వెళ్లాడు, మళ్లీ కాలేజీకి రాలేదు. మా ఇళ్లలో అంతకుముందు ఎవరూ ఏ ఫారమూ నింపి ఎరగరు. తలుపు వెనక చూడమని చెప్పేవాళ్లు ఎవరుంటారు?

ఆడమ్స్‌కు మన హాస్టల్ సంగతి తెలిసే వీలు లేదు. అయినా ఆ నవ్వు మనదాకా వచ్చిందంటే కారణం ఒకటుంది. ఈ నవలల్లో లోకం ఎంత వింతగా ఉన్నా, అక్కడి పద్ధతులు మాత్రం మనకు తెలిసినవే. ఫారం, క్యూ, పై అధికారి అన్నీ ఉంటాయి. వింత గ్రహం మీద వింత పని జరిగితే నవ్వు రాదు. మనకు రోజూ జరిగేదే అక్కడా జరిగితే వస్తుంది. ఆ నవలలో విశ్వమంతా తిరిగేవాడికి అన్నిటికన్నా పనికొచ్చే వస్తువు తువాలు. దుప్పటిగా, తలగడగా, సంచిగా, ఒక్కోసారి ఒళ్లు తుడుచుకోవడానికి కూడా తువాలు వాడిన మనకు అందులో వింతేముంది? ఆడమ్స్ 2001లో 49 ఏళ్లకే చనిపోయారు. ఆయన అభిమానులు ఏటా మే 25న తువాలు భుజాన వేసుకుని తిరుగుతారు.

పోలండ్ రచయిత స్టానిస్లావ్ లెమ్ ధోరణి వేరు. ఆయన 'స్టార్ డైరీస్' పోలిష్‌లో 1957లో పుస్తకంగా వచ్చింది, తర్వాతి ముద్రణల్లో యాత్రలు పెరుగుతూ వచ్చాయి. అందులో ఇయోన్ టిఖీ అనే యాత్రికుడి ఏడో యాత్ర మాకు అన్నిటికన్నా నచ్చింది. చిన్న ఉల్క తగిలి నౌక చుక్కాని పాడవుతుంది. బాగు చేయడానికి ఇద్దరు కావాలి. మన హాస్టల్ మంచాలకు బోల్టులు బిగించినవాళ్లకు ఈ చిక్కు తెలుసు. ఒకరు ఇటువైపు బోల్టు తల పట్టుకోకపోతే, అటువైపు నట్టు తిప్పేకొద్దీ బోల్టు కూడా తిరుగుతూనే ఉంటుంది. టిఖీ ఒంటరివాడు. నౌక కాలం మెలికపడిన చోటికి చేరడంతో సోమవారం టిఖీ దగ్గరకు మంగళవారం టిఖీ వస్తాడు, తర్వాత మిగిలిన వారాలవాళ్లూ వస్తారు. ఇప్పుడు మనుషులు కావలసినంతమంది. కానీ అంతరిక్షంలో వేసుకునే సూటు ఒక్కటే. దానికోసం, చాక్లెట్ కోసం కొట్టుకుంటారు, మీటింగులు పెట్టుకుంటారు. పెద్దవాళ్లు వాదించుకుంటుండగానే చిన్నప్పటి టిఖీలు ఇద్దరు ఒకే సూటులో దూరి, బయటికి వెళ్లి బోల్టు బిగించేస్తారు.

గ్రాంట్ నేలర్ పేరుతో ఇద్దరు రచయితలు కలిసి 1989లో రాసిన 'రెడ్ డ్వార్ఫ్' కూడా చదవదగ్గదే. అందులో మిగిలిన చివరి మనిషి నౌకలో అందరికన్నా చిన్న ఉద్యోగి, కూర అంటే ప్రాణం ఇచ్చేవాడు.

హ్యారీ హ్యారిసన్ 1965లో రాసిన 'బిల్, ది గెలాక్టిక్ హీరో' మాత్రం నవ్విస్తూనే భయపెడుతుంది. హ్యారిసన్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, సైన్యమంటే గిట్టనివాడు. బిల్ రైతు కుటుంబం కుర్రాడు. పొలం దున్నుకుంటూ ఎరువుల కోర్సు కరస్పాండెన్స్‌లో చదువుకుంటుంటాడు. బ్యాండు మేళంతో వచ్చినవాళ్లు మాయ చేసి సంతకం పెట్టించుకుని సైన్యంలోకి లాక్కుపోతారు. అక్కడ పడరాని పాట్లు పడి, చివర్లో తనే బ్యాండు మేళంతో ఊరికి తిరిగొస్తాడు. తన సొంత తమ్ముడినే చేర్పిస్తాడు. అందుకు ప్రతిఫలం, తన సర్వీసులో ఒక నెల తగ్గింపు. ఈ పేజీ చదివిన రాత్రి మా గదిలో ఎవరూ నవ్వలేదు.

ఇవన్నీ ఇంగ్లీషులో చదవాల్సిందే కదా అని తమ్ముళ్లు వెనుకాడవద్దు. మేము కూడా మొదటి పది పేజీలకు రెండు రోజులు తీసుకున్నాం. ముందు టిఖీ ఏడో యాత్ర చదవండి, ఒక స్టడీ అవర్‌లో అయిపోతుంది. మా పుస్తకాలు అట్టలు ఊడిపోయినా పేజీలన్నీ ఉన్నాయి. వాటిని హాస్టల్ లైబ్రరీలో కిటికీ పక్క బీరువాలో, పై అరలోనే పెట్టాం. బీరువాకు తాళం వేయలేదు.