చలానా చూసి కాంక్రీటు, లేబుల్ చూసి విస్కీ

సెండాయ్ (జపాన్): "ఒరేయ్ అల్లుడూ, జపాన్ సరుకంటే ఇదిరా!" అని 2019లో సెలవుకి వెళ్ళినప్పుడు మా మేనమామ మురిసిపోయాడు. 12 వేల యెన్లు పెట్టి కొన్న సీసా మరి. పైన కుంచెతో గీసినట్టు నల్లటి జపనీస్ అక్షరాలు. అంతకన్నా రుజువేం కావాలి అనుకున్నాను.

తర్వాత ఆ సీసా ఫొటో మా సైట్లో పెద్దాయనకి చూపిస్తే, వెనక లేబుల్ చదివి నవ్వేశారు. లోపలున్నది బయటి దేశపు విస్కీ, ఇక్కడ కలిపి సీసాలో పోశారంతే! చట్టం దాన్ని ఆపలేదు. గొడవ ముదిరాక ఇక్కడి తయారీదార్ల సంఘమే 2021లో తన సభ్యులకి కట్టుబాటు పెట్టింది. 'జపనీస్ విస్కీ' అని రాయాలంటే నీళ్ళు జపాన్‌వి కావాలి, బట్టీ పట్టడం, కనీసం 3 ఏళ్ళు చెక్క పీపాల్లో నిలవుంచడం, సీసాలో నింపడం అన్నీ ఇక్కడే జరగాలి. 2024 ఏప్రిల్ నుంచి పాత సరుక్కి మినహాయింపు కూడా పోయింది.

నాకు సిగ్గేసింది. రోజూ కాంక్రీటు లారీ వస్తే చలానా చూసి దింపించుకోను కదా! స్లంప్ చూస్తాం, సిలిండర్లు పోసి 28 రోజులకి పగలగొడతాం. సీసా దగ్గరకొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైంది?

ఒక ఆదివారం పెద్దాయన నన్ను మియాగిక్యో డిస్టిలరీకి తీసుకెళ్ళారు. సెండాయ్ ఊరికి పడమర కొండల్లో, రెండు నదులు కలిసే చోట 1969లో నిక్కా కంపెనీ కట్టింది. రైల్లోనే వెళ్ళాం, కారు నడిపేవాళ్ళకి అక్కడ చుక్క కూడా పోయరు. కంపెనీ పెట్టిన తకెత్సురు 1918లో స్కాట్లాండ్ వెళ్ళి విద్య నేర్చుకొచ్చినాయన. 1934లో హొక్కైడోలోని యోయిచిలో మొదటి డిస్టిలరీ పెట్టాడు. అక్కడ రాగి పాత్రల కింద ఇప్పటికీ బొగ్గు మంటే, మియాగిక్యోలో ఆవిరి. స్కాట్లాండ్‌లో కంపెనీలు పీపాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, జపాన్‌లో అప్పట్లో ఆ అలవాటు లేదు. అందుకే రెండో రుచికి రెండో డిస్టిలరీ కట్టుకోవాల్సొచ్చింది. ఈ రెండు చోట్ల మాల్టులూ కలిపిందే 'తకెత్సురు ప్యూర్ మాల్ట్'. బ్లెండెడ్ మాల్ట్ అంటే ఇదే: ఒకటికి మించిన డిస్టిలరీల మాల్టులు ఉంటాయి, మొక్కజొన్న లాంటి గింజల విస్కీ కలవదు.

కౌంటర్లో డబ్బులిచ్చి యోయిచి, మియాగిక్యో, తకెత్సురు మూడు గ్లాసులు పక్కపక్కన పెట్టించారు. రంగు చూడబోతే వద్దన్నారు, కారమెల్‌తో రంగు ఎవరైనా తెప్పించొచ్చట. "ముక్కు ముందు, నోరు తర్వాత." ముక్కు గ్లాసులో దూర్చేస్తే ఘాటు తప్ప ఏమీ తెలీదు, కాస్త ఎడంగా పట్టి నోరు కొంచెం తెరిచి పీల్చాలి. యోయిచిలో పొగ, ఉప్పుగాలి. మియాగిక్యోలో పండిన యాపిల్. కొద్ది చుక్కల నీళ్ళు కలిపితే వాసన ఇంకా విచ్చుకుంది. ఆ తర్వాత తకెత్సురు. ముందు పండు తగిలింది, మింగాక ఎప్పటికో సన్నగా పొగ వచ్చింది. కలిపినవాడి పనితనం అక్కడే చూడాలన్నారు. ఒకటి రెండోదాన్ని మింగేస్తే బ్లెండు పాడయినట్టే. మింగాక రుచి చప్పున తెగిపోయినా, స్పిరిట్ మంట ఒక్కటే మిగిలినా తక్కువ మార్కులే.

ధర మాత్రం కొలత కాదు. తకెత్సురు 17, 21, 25 ఏళ్ళ రకాలు నిల్వలు చాలక 2020లో ఆపేశారు. ఇప్పుడు వాటికి అడిగే ధర దొరక్కపోవడానికే గానీ రుచికి కాదు. మొన్నటిదాకా సోడా పోసి గటగటా లాగించిన నాకు, ఆ రోజు మూడు గ్లాసుల అడుగు తడికి గంటన్నర పట్టింది.

ఇక మామయ్యకి చెప్పాలా వద్దా? చివరికి ఫోన్లో చెప్పేశాను. కాసేపు మాట లేదు. "అయితే ఏంట్రా, సగం సీసా ఇంకా దాచే ఉంచాను. ఈసారి అసలుది పట్రా, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నాడు. పండక్కి టికెట్ తీశాను. సోడా మాత్రం తేవద్దని ఇంకా చెప్పలేదు.